సర్కారు ఖర్చు మీద కన్నేసే సంఘానికి చందాలు ఎలా పోగెయ్యాలి?

రోడ్డు బిల్లు అడగడానికి నలుగురు ముందుకొస్తారు. పోస్టు ఖర్చు, జిరాక్సుల ఖర్చు, తిరిగే మనిషి జీతం ఎవరు పెట్టుకోవాలన్న చోట పని ఆగిపోతుంది. హైదరాబాద్ కాలనీల నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న ఇదే: లెక్క అడిగేవాళ్ళకి డబ్బెక్కణ్ణుంచి రావాలి? ఎవరి దగ్గర తీసుకోవచ్చు, ఎవరి దగ్గర తీసుకోకూడదు?

సూత్రం ఒక్కటే, అదీ రాజ్యాంగంలోనే ఉంది. సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ కార్యాలయం ఖర్చు సంచిత నిధి (ప్రభుత్వ ఖజానా) మీద నేరుగా పడుతుంది, దానికి పార్లమెంటులో ఓటింగు ఉండదు. లెక్క తప్పని రాసిన ఏడాది జీతం కోసే వీలు ఎవరికీ ఉండకూడదనే ఆ ఏర్పాటు. మీ వార్డు సంఘానికి సంచిత నిధి లేదు కాబట్టి, ఏ ఒక్కరూ ఆపలేని చిన్న చందాలే దాని స్థానంలో నిలబడాలి. కింద చెప్పేదంతా ఆ ఏర్పాటు గురించే.

ముందు సమకూర్చుకోవాల్సినవి

- కనీసం ఏడుగురు సభ్యులు. తెలంగాణలో సొసైటీ రిజిస్ట్రేషన్‌కి ఇంతకంటే తక్కువ కుదరదు.
- తీర్మానాలు రాసే మినిట్స్ బుక్, క్యాష్ బుక్, వరస నంబర్లు అచ్చేసిన రసీదు పుస్తకం.
- సంఘం పేరుతో పాన్, బ్యాంకు ఖాతా.
- లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంట్. సభ్యుల చుట్టం కాకూడదు.
- 30 మీటర్ల టేపు, స్టీలు స్కేలు. ఎందుకో రెండో మెట్టులో తెలుస్తుంది.

1. దేని మీద కాపలా కాస్తారో తేల్చుకోండి

"అవినీతి మీద పోరాటం" అంటే చందా ఇచ్చేవాళ్ళకి ఏమీ కనబడదు. "మన వార్డులో ఈ ఏడాది వేసే సీసీ రోడ్లు, వానలకి ముందు తీసే నాలా పూడిక, ఈ రెండింటి బిల్లులు" అంటే కనబడుతుంది. మొదటి ఏడాది ఒక వార్డు, రెండు రకాల పనులు చాలు. నగరమంతా చూస్తామని మొదలుపెడితే మూడో నెలకే మనుషులూ చాలరు, డబ్బూ చాలదు.

2. ఏడాది ఖర్చు లెక్క కట్టండి

డబ్బు అడగడానికి ముందే ఈ కాగితం చేతిలో ఉండాలి. ఒక వార్డుకి నమూనా లెక్క ఇది. పోస్టు, జీతం, ఫీజుల దగ్గర మీ ఏరియా ధరలు వేసుకోండి.

- సమాచార హక్కు దరఖాస్తులు 40, ఒక్కోటికి ఫీజు 10 రూపాయలు: 400
- వాటికి స్పీడ్ పోస్టు, ఒక్కోటి 60 అనుకుంటే: 2,400
- కాపీలు 2,000 పేజీలు, పేజీకి 2 రూపాయలు: 4,000
- అప్పీళ్ళు 30, పోస్టు ఖర్చు: 1,800
- రాకపోకలు నెలకి 1,500: 18,000
- సగం రోజు పనిచేసే ఒక మనిషికి నెలకి 8,000: 96,000
- ఆడిటరు ఫీజు: 15,000
- టేపు, స్కేలు, ఫైళ్ళు: 2,000
- కరపత్రాలు, వార్డు సమావేశాలు: 12,000

మొత్తం 1,51,600. అందులో దాదాపు మూడింట రెండొంతులు జీతమే. దాన్ని దాచకండి. "అంతా స్వచ్ఛందమే" అని చెప్పి మొదలుపెట్టిన చోట ఆర్నెల్లకి దరఖాస్తులు వేసేవాళ్ళే మిగలరు. దరఖాస్తుకి జవాబివ్వాల్సిన ముప్పై రోజుల గడువు ఎప్పుడు దాటిందో, ఏ అప్పీలు ఎప్పుడు వేయాలో గుర్తుపెట్టుకునే మనిషి ఒకరు జీతం మీద ఉండాల్సిందే.

ఖర్చు తగ్గించే దారులు చట్టంలోనే ఉన్నాయి. మొదటే కాపీలు అడక్కుండా, ఫైలు చూడనివ్వమని అడగండి. కూర్చుని చూసి, కావలసిన పేజీలకే డబ్బు కట్టండి. 30 రోజుల్లో సమాచారం ఇవ్వకపోతే, ఆ తర్వాత ఇచ్చే కాపీలు ఉచితం. సెక్షన్ 7(6) చెప్పేది అదే. ఇది తెలియక చాలామంది ఆలస్యంగా వచ్చిన కాపీలకి కూడా డబ్బు కట్టేస్తుంటారు.

ఈ డబ్బుతో ఏం తేలుతుందో చందాదారులకి ఒక్క ఉదాహరణతో చూపించండి. ఎం-బుక్‌లో, అంటే ఇంజనీరు పని కొలతలు రాసే పుస్తకంలో, ఒక గల్లీ రోడ్డు 60 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని రాసి ఉందనుకోండి. అంటే 27 ఘనపు మీటర్ల కాంక్రీటుకి బిల్లు. రోడ్డు అంచు బయటికి కనబడే చోట స్కేలు పెడితే 10 సెంటీమీటర్లే తేలింది. మందమంతా అంతే అయితే పడింది 18 ఘనపు మీటర్లు. తొమ్మిది లేవు, అంటే మూడో వంతు కాంక్రీటు కాగితం మీదే ఉందన్నమాట. పొడవు, వెడల్పు ఎవరైనా టేపుతో కొలుస్తారు. దొంగలెక్క దాక్కునేది మందంలోనే.

హెచ్చరిక: అంచు కొలత అనుమానానికే, రుజువుకి కాదు. అలాగని మీరే రోడ్డు తవ్వకండి, కేసు మీ మీద పడుతుంది. పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నమూనాని ధ్రువీకరించి తీసుకునే హక్కు సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె)లోనే ఉన్నాయి. దరఖాస్తు పెట్టి, ఇంజనీరు సమక్షంలో కోర్ (రోడ్డు మందమంతా గుండ్రంగా కోసి తీసే ముక్క) తీయించండి. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పరీక్షకయ్యే ఫీజు ముందే కనుక్కుని పై లెక్కలో కలపండి.

3. ఎవరి డబ్బు వద్దో ముందే రాసుకోండి

మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన మెట్టు ఇది. మొదటి రూపాయి రాకముందే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి మినిట్స్‌లో రాయండి. డబ్బు వచ్చాక రాస్తే అది ఎవరో ఒకరిని ఉద్దేశించి రాసినట్టే ఉంటుంది. కింది వాళ్ళ డబ్బు తీసుకోకండి:

- కార్పొరేషన్, జలమండలి, విద్యుత్తు పనులు చేసే కాంట్రాక్టర్లు, సబ్ కాంట్రాక్టర్లు, వాళ్ళ భార్యాభర్తలు, పిల్లలు, భాగస్వాములు.
- మీ వార్డులో కడుతున్న బిల్డర్లు.
- పార్టీలు, ప్రజాప్రతినిధులు, పోటీ చేయాలని తిరుగుతున్నవాళ్ళు. ఓడిపోయిన అభ్యర్థి డబ్బు మరీ ప్రమాదం. రేపు మీరు రాసిన ప్రతి నివేదికనీ అతని నివేదికే అంటారు.
- మీరు లెక్క అడగబోయే ఆఫీసు. ప్రశంసగా ఇచ్చినా, గ్రాంటుగా ఇచ్చినా, హాలు అద్దె మాఫీగా ఇచ్చినా సరే.

చివరిదాని మీద వాదన వస్తుంది. ఉపాధి హామీ సామాజిక తనిఖీకి ప్రభుత్వ డబ్బే వాడారు కదా అంటారు. వాడారు, కానీ ఎలా వాడారో చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో దానికి విడిగా సొసైటీ పెట్టారు. పని చేయించేవాళ్ళకీ తనిఖీ చేసేవాళ్ళకీ మధ్య ఎడం ఉండాలని 2011 తనిఖీ నిబంధనలు రాశాయి. నిబంధన ప్రకారం, అడక్కుండా వచ్చే డబ్బు వేరు. మీ కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసులో ఒక అధికారి సంతకంతో వచ్చి, ఆయన సంతకం పెట్టకపోతే ఆగిపోయే డబ్బు వేరు. రెండో రకం ముట్టుకోకండి.

ఇంకో గీత: ఏ ఒక్క దాతదీ ఏడాది చందాల మొత్తంలో పదో వంతు దాటకూడదు. కింద వేసిన 1,80,000 లెక్కలో అది 18,000. ఇది చట్టం పెట్టిన హద్దు కాదు, మీరు పెట్టుకోవాల్సింది. ఒకాయన లక్ష ఇస్తానంటే సంతోషంగా ఉంటుంది. ఆయన మానేసిన నెల మీ మనిషికి జీతం ఉండదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అంత ఇవ్వాలనే మనసుంటే ఆరేళ్ళకి సర్ది ఇమ్మనండి.

4. రిజిస్ట్రేషన్, ఖాతా

బైలాల్లో (సంఘం నియమావళిలో) సంఘం లక్ష్యం స్పష్టంగా రాయించండి: ప్రజాధనం ఖర్చును పరిశీలించడం, ఆ సమాచారాన్ని ప్రజలకి తెలపడం. జిరాక్సు షాపులో దొరికే నమూనా బైలాల్లో "పేదలకు సహాయం, మొక్కలు నాటడం" అనే ఉంటుంది. అవి అలాగే పెడితే, రేపు ఖర్చంతా లక్ష్యానికి బయటిదేనని పన్ను అధికారి అడగొచ్చు. కార్యవర్గ జాబితాని రిజిస్ట్రారుకి ఏటా పంపాలి. మానేస్తే పాత కార్యవర్గమే కాగితం మీద మిగిలి, బ్యాంకులో సంతకాలు చిక్కులో పడతాయి.

ఖాతాలో ఇద్దరి సంతకాలుండాలి, ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే పెట్టండి. "ఇప్పటికి కోశాధికారి ఫోన్‌పేకి కొట్టండి" అన్నచోట సంఘం పరువు సగం పోయినట్టే. కోశాధికారి ఎంత నిజాయితీపరుడైనా, ఆయన సొంత కూరగాయల బిల్లూ సంఘం చందా ఒకే స్టేట్‌మెంట్‌లో కలిసి కనబడితే ఎవరికని సంజాయిషీ చెప్పుకుంటాడు?

ప్రత్యామ్నాయం: ఇప్పటికే రిజిస్టరైన కాలనీ సంక్షేమ సంఘం ఉంటే దాని కిందే ఉపసంఘంగా మొదలుపెట్టవచ్చు. కానీ ఖాతా వేరేగా తెరిపించండి. కార్పొరేషన్ నిధులతో పార్కు కట్టించుకునే పనిలో ఆ సంఘం ఉంటే మాత్రం విడిగా పెట్టుకోవడమే నయం.

5. చందా అడగడం

పద్ధతి కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. వినాయక చవితికి మన గల్లీల్లో ఏం చేస్తామో అదే: ఇద్దరు కలిసి ఇంటింటికీ వెళ్ళడం, అక్కడికక్కడే రసీదు కోయడం, జాబితా మండపం దగ్గర అతికించడం. తేడా అల్లా ఇది ఏడాదికోసారి కాదు, నెలనెలా.

125 ఇళ్ళ నుంచి నెలకి 150 రూపాయల హామీ తీసుకోండి. ఐదో వంతు మంది మధ్యలో మానేస్తారని ముందే తీసేయండి. మిగిలిన వంద ఇళ్ళ నుంచి ఏడాదికి 1,80,000 వస్తుంది. ఖర్చు 1,51,600 పోగా 28,400 మిగులు. సరిగ్గా ఖర్చుకి సరిపోయేంత మందినే చేర్చుకుంటే, ఐదుగురు ఇల్లు మారగానే పని ఆగుతుంది.

రసీదు మీద ఉండాల్సినవి: వరస నంబరు, తేదీ, పేరు, చిరునామా, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం, నగదా బ్యాంకా, యూపీఐ అయితే లావాదేవీ నంబరు, తీసుకున్న మనిషి సంతకం. కింద ఒక వాక్యం అచ్చేయించండి: "నేను గానీ నా కుటుంబం గానీ ఈ వార్డులో ప్రభుత్వ పనుల కాంట్రాక్టు చేయడం లేదు." చందాదారు దాని కింద సంతకం పెట్టాలి. దీనికి వెనకాడేవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్ళని బలవంతపెట్టకండి, చందా కూడా తీసుకోకండి.

"రసీదెందుకులే, నా పేరు రాయొద్దు" అనేవాళ్ళు మంచి మనసుతోనే అంటారు. అయినా వద్దు. పేరూ చిరునామా లేని విరాళం ఒక హద్దు దాటితే, దాటిన దాని మీద 30 శాతం పన్ను పడుతుంది. ఆ హద్దు లక్ష రూపాయలు, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఏది ఎక్కువైతే అది. చిన్న సంఘానికి పన్ను దాకా రాకపోవచ్చు. కానీ పేరు లేని డబ్బు ఎవరిదో చెప్పలేరు, కాంట్రాక్టరుదే అని ఎవరైనా అంటే కాదనడానికి మీ చేతిలో కాగితం ఉండదు. హుండీ పెట్టెలు పెట్టకండి.

6. అమెరికా నుంచి వచ్చే డబ్బు

హైదరాబాద్‌లో చాలా కాలనీ సంఘాలు తప్పు చేసే చోటు ఇది. మనవాడు, తెలుగువాడు, డాలర్లు పంపుతానంటున్నాడు, తీసుకోవచ్చా? చూడాల్సింది అతని పాస్‌పోర్టు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చేది) ఉన్నా సరే, విదేశీ మూలమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా వాళ్ళ దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు.

"ఇక్కడి తమ్ముడి ఖాతాలో వేస్తాను, వాడు మీకిస్తాడు" అన్నా కుదరదు. చేతులు ఎన్ని మారినా అది విదేశీ విరాళమేనని చట్టంలోనే ఉంది. మామూలుగా ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో ముఖ్య కార్యక్రమాల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. ఒక వార్డు సంఘానికి అది అక్కర్లేదు. ఎన్నారై దాతల నుంచి పాస్‌పోర్టు నకలు తీసుకుని రసీదు కౌంటర్‌ఫాయిల్‌కి పిన్ చేయండి. లెక్క అడిగేవాళ్ళని మూయించడానికి ఎవరైనా మొదట వెతికే సందు ఇదే.

7. పన్ను కాగితాలు

అందరూ 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (చందా ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు) అని పిలిచే రిజిస్ట్రేషన్లకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. మొదట తాత్కాలికంగా మూడేళ్ళకి ఇస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి. పాత ఫారం నంబరు పట్టుకుని వెతక్కుండా ఆడిటరుని అడిగి నింపించండి.

80జీని ఎరగా చూపి చందా అడగకండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే ఆ మినహాయింపు. కొత్త విధానంలో ఉన్న ఉద్యోగికి పైసా కలిసిరాదు, రిటర్ను వేసేటప్పుడు తెలిసి మిమ్మల్ని తిడతాడు. 2,000 దాటిన నగదు విరాళానికి ఎటూ మినహాయింపు లేదు. 80జీ తీసుకున్నాక దాతల వివరాలు మే 31లోగా దాఖలు చేయాలి. ఆలస్యానికి రోజుకి 200 రూపాయల రుసుము పడుతూ పోతుంది. ఇరవై మంది దాతల కోసం ఈ బాదరబందీ అవసరమా అన్నది ఆలోచించుకోండి. నెలకి 150 ఇచ్చేవాళ్ళు రాయితీ కోసం ఇవ్వరు.

12ఏ ఉంటే ఏడాది ఆదాయంలో 85 శాతం ఖర్చు పెట్టాలి, 15 శాతం షరతు లేకుండా దాచుకోవచ్చు. మన లెక్కలో 1,80,000కి 15 శాతం 27,000. మిగులు 28,400 కాబట్టి 1,400 ఎక్కువుంది. మార్చిలోపు మరో విడత కరపత్రాలు వేస్తే సరిపోతుంది. ఇలా ఏటా 27,000 పక్కన పెడితే, ఆర్నెల్ల జీతం, రాకపోకలకి కావలసిన 57,000 రెండేళ్ళ పైచిలుకులో జమవుతుంది. చందాలు పలచబడిన కాలంలో పని నిలబెట్టేది ఆ డబ్బే.

8. ఖర్చు పెట్టడం

ఒక మెలిక ఉంది. సమాచారం అడిగే హక్కు పౌరుడిది, కాబట్టి దరఖాస్తు సభ్యుడి సొంత పేరుతో వేయండి. సంఘం పేరుతో వేస్తే ఆ సాకుతో తిప్పికొడతారు. మరి ఖర్చు సంఘానిది ఎలా అవుతుంది? "ఫలానా సభ్యుడు ఈ పది దరఖాస్తులు వేయాలి, ఖర్చు సంఘం ఇవ్వాలి" అని ముందు తీర్మానం, తర్వాత పోస్టు రసీదు, పోస్టల్ ఆర్డరు కౌంటర్‌ఫాయిల్ అతికించిన వోచరు. తీర్మానం నంబరు వోచరు మీద రాయండి. ఈ చిన్న పని మానేసిన సంఘాల్లో ఏడాది చివర సగం ఖర్చుకి కాగితం దొరకదు.

ఆటో ఖర్చుకి బిల్లుండదు. తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ ఫైలు పని మీద వెళ్ళారో రాసి సంతకం పెడితే చాలు. ఒక మనిషికి ఒక రోజు 10,000 దాటి నగదు ఇవ్వకండి. కార్యవర్గ సభ్యులకీ వాళ్ళ ఇంటివాళ్ళకీ జీతం వద్దే వద్దు.

తరచూ జరిగే పొరపాట్లు

కాంట్రాక్టరు చందా తెలియక తీసుకోవడం అన్నిటికన్నా ఎక్కువ. కాంట్రాక్టు సొంత పేరుతో ఉండదు, ఏదో ఎంటర్‌ప్రైజెస్ పేరుతో ఉంటుంది. టెండరు పోర్టల్ నుంచి, అగ్రిమెంట్ల నుంచి మీ వార్డు కాంట్రాక్టర్ల పేర్లు, భాగస్వాముల పేర్లు రాసి మూడు నెలలకోసారి చందా జాబితాతో పోల్చండి. దొరికితే, వచ్చిన ఖాతాకే బ్యాంకు ద్వారా వెనక్కి పంపి కారణం ఉత్తరంలో రాయండి. చేతికి నగదు ఇవ్వకండి, వాపసు ఇచ్చినట్టు రుజువు ఉండదు.

చందా ఇచ్చి ఫలానా రోడ్డే చూడమనేవాళ్ళూ ఉంటారు. ఏ పని చూడాలో చీటీ తీసి తేల్చండి. జాబితాలోని పనులకి నంబర్లు వేసి, వార్డు సమావేశంలో ఒక పిల్లాడితో చీటీ తీయిస్తే ఎవరూ నొచ్చుకోరు.

ఇంకోటి, అప్పీలు గడువు దాటనివ్వడం. జవాబు వచ్చినా, 30 రోజుల గడువు ముగిసినా, ఆ రోజు నుంచి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. ఆ పైన 90 రోజుల్లో మొజంజాహీ మార్కెట్ దగ్గరున్న సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. గడువు పోయి, ఆలస్యానికి తగిన కారణం చూపలేకపోతే దరఖాస్తు మళ్ళీ మొదటినుంచీ వేయాలి, చందా డబ్బు రెండోసారి ఖర్చవుతుంది.

సరిగా నడుస్తోందా? చూసుకోండి

ప్రతి నెలా 5వ తేదీలోపు రసీదు పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు, క్యాష్ బుక్ మూడూ పక్కపక్కన పెట్టండి. రసీదుల మొత్తం, బ్యాంకులో జమ, చేతిలో నగదు కలవాలి. చెడిపోయిన రసీదుని చించకండి, "రద్దు" అని రాసి పుస్తకంలోనే ఉంచండి. నంబరు తప్పిపోతే ఆ రోజే మినిట్స్‌లో రాయండి.

జమాఖర్చు పట్టిక కాలనీ గేటు దగ్గర బోర్డు మీద పెట్టండి: ఎవరు ఎంత ఇచ్చారు, దేనికి ఖర్చయింది, ఏ ఫైలు ఏ దశలో ఉంది. వాట్సాప్‌లో పెట్టి ఊరుకుంటే పెద్దవాళ్ళు చూడరు, నాలుగు రోజులకి పైకి జరిగిపోతుంది.

చివరిగా ఒక పరీక్ష. కార్యవర్గంలో లేని ఒక చందాదారుని పిలిచి, ఏదో ఒక వోచరు నంబరు చెప్పమనండి. పది నిమిషాల్లో దాని బిల్లు, తీర్మానం, బ్యాంకు ఎంట్రీ మూడూ ఆ చందాదారు ముందు పెట్టగలగాలి. పెట్టలేకపోతే ఆ నెల కొత్త దరఖాస్తులు ఆపి ముందు మీ ఫైళ్ళు సర్దుకోండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరికి వెళ్ళి మీరడిగే ఎం-బుక్ కూడా ఇలాంటిదే.